2.8 లక్షలు తిరిగినా విప్పని ఇంజిన్‌ని ఎందుకు ఆపేశారు?

తమ్ముడూ, నువ్వడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంట్లో 2014 డిజైర్ డీజిల్ ఉంది, 2.8 లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఇంతవరకు హెడ్, అంటే ఇంజిన్ పైమూత, కూడా దించలేదు. ఇంత గట్టి ఇంజిన్‌ని 2020లో ఎందుకు ఆపేశారని నీ డౌటు. "చెడిపోని ఇంజిన్ కంపెనీకి గిట్టదు, మనచేత మళ్లీ మళ్లీ కార్లు కొనిపించాలని కావాలనే తీసేశారు" అని మీ మామయ్య తేల్చేశాడు. మామయ్య మాటలో మొదటి సగం నిజమే, ఆ ఇంజిన్ గట్టిది. రెండో సగం దగ్గరే పేచీ.

నేను పదేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ బోరింగ్ షాపులో చేశాను. ఆ తర్వాత పదకొండేళ్లు పుణె వైపు ఒక ఫ్యాక్టరీలో, సిలిండర్ బ్లాకులూ హెడ్లూ మెషీనింగ్ చేసే లైన్ మీద మెయింటెనెన్స్ ఉద్యోగం. ఇప్పుడు సొంత షెడ్డు. ఇంజిన్లు పుట్టే చోటూ చూశాను, బోరుకొచ్చాక విప్పే చోటూ చూశాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉంటే చదువు.

మీ బండిలో ఉన్నది పుట్టుకతో మారుతి ఇంజిన్ కాదు, ఫియట్‌ది. 1.3 మల్టీజెట్, 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, టైమింగ్ చైన్, అంటే వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా తిప్పే గొలుసు. 2003లో ఫియట్ వాళ్లు మార్కెట్లోకి తెచ్చారు, మారుతి లైసెన్సు తీసుకుని మానేసర్‌లో తయారుచేయించి డీడీఐఎస్ అని పేరు పెట్టుకుంది. టాటా, ఫియట్ కలిసి పుణె దగ్గర రంజన్‌గావ్‌లోనూ ఇదే ఇంజిన్ చేశాయి. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజా, ఇండికా విస్టా, మాంజా, పుంటో, లీనియా, ఆఖరికి షెవర్లే సెయిల్ కూడా. బానెట్ మీద బొమ్మ ఏదైనా కింద కొట్టుకునే గుండె ఒకటే, అందుకే దీన్ని నేషనల్ ఇంజిన్ అని సరదాగా అనేవాళ్లు.

పోయినేడాది ఒక ట్రావెల్స్ వాళ్ల స్విఫ్ట్ నా దగ్గరికొచ్చింది, మీటరు 3.4 లక్షలు. రేడియేటర్ పైపు పగిలి నీళ్లన్నీ పోయినా డ్రైవర్ చూసుకోకుండా తోలేశాడు, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ కొట్టేసింది. అది డ్రైవర్ తప్పే, ఇంజిన్‌ది కాదు. సరే హెడ్ ఎలాగూ దించాం కదా అని బోర్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ కొలిచాను. అరుగుడు ఎప్పుడూ పైభాగంలో, పిస్టన్ పై రింగు వెనక్కి తిరిగే చోట ఎక్కువుంటుంది. అక్కడ కూడా మిల్లీమీటర్లో రెండు మూడు నూరో వంతులకి మించి లేదు. ఫ్యాక్టరీలో హోనింగ్ చేసినప్పుడు పడే అడ్డగీతలు, ఆయిల్ పట్టి ఉంచడానికి గీస్తారు చూడు, అవి లైటు వేస్తే ఇంకా తళతళమంటున్నాయి. కొత్త గ్యాస్కెట్ వేసి, హెడ్ అడుగు చదును చేయించి పంపేశాను. కాబట్టి ఇంజిన్ గట్టితనం మీద నాకూ మామయ్యకీ గొడవే లేదు.

కానీ కుట్ర అనే ముందు ఒక్క లెక్క వేసుకో. పదమూడేళ్లు ఆడిన ఇంజిన్ లైన్ అంటే కంపెనీకి ఎప్పుడో అప్పు తీరిపోయిన పాడిగేదె. అచ్చులు, డైలు, మెషీన్లు, వాటికి పెట్టిన డబ్బు అన్నీ వెనక్కొచ్చేశాయి, పనివాళ్లకి కళ్లు మూసుకుని బిగించేంత అలవాటైపోయింది, వారంటీ కంప్లైంట్లు ఏమేం వస్తాయో ముందే తెలుసు. పూట పూటకీ పాలిచ్చే అలాంటి గేదెని ఎవడూ ఊరికే సంతకి తోలడు. కొత్త ఇంజిన్ అంటే మళ్లీ వందల కోట్లు, మళ్లీ మొదటి రెండేళ్లు ఏం పగులుతుందో అని టెన్షన్. నిజం చెప్పాలంటే పాత ఇంజిన్ ఆపడానికి అందరికంటే ఎక్కువ బాధపడేది కంపెనీలో లెక్కలు చూసేవాళ్లే.

మరి ఎందుకు ఆపారు? మల్టీజెట్ విషయంలో మాత్రం బీఎస్6, అంటే బళ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన రూలు, దాని వెనకాల డబ్బు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4 నుంచి నేరుగా బీఎస్6కి దూకింది, మధ్యలో బీఎస్5 లేదు. డీజిల్ కారు కిలోమీటరుకి వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి తగ్గాలి, మసి 25 నుంచి 4.5కి తగ్గాలి. ఇక్కడ డీజిల్‌కి ఒక పాత జబ్బు ఉంది. సిలిండర్లో మంట బాగా వేడిగా, గాలి ధారాళంగా ఉండి మండితే మసి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. పొగనే కొంచెం వెనక్కి తిప్పి లోపలికి పంపి మంటని చల్లబరిస్తే ఆక్సైడ్లు తగ్గుతాయి, మసి పెరుగుతుంది. దుప్పటి తల మీదికి లాగితే కాళ్లు బయటికొచ్చినట్టు. రెండూ ఒకేసారి తగ్గాలంటే ఇంజిన్ లోపల చేసేది కొంతే, మిగతాది సైలెన్సర్ దారిలో చెయ్యాలి. మసి పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, దాంతోపాటు ఆక్సైడ్లని పట్టే ఇంకో డబ్బా, వాటికి సెన్సర్లు, వాటిని నడిపే సాఫ్ట్‌వేరు.

ఈ డబ్బాల్లో ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. ముప్ఫై లక్షల కారుకి పెట్టేలాంటి సామానే ఏడెనిమిది లక్షల కారుకీ పెట్టాలి, కారు చిన్నదని ప్లాటినం వాడు తగ్గించి ఇవ్వడు. పెద్ద కారులో ఆ ఖర్చు కలిసిపోతుంది, డిజైర్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నీకు ఇంకో సంగతి చెప్తాను, దీంతో కుట్ర వాదన సగం పడిపోతుంది. ఇదే 1.3 మల్టీజెట్‌ని యూరప్‌లో ఫియట్ వాళ్లు యూరో 6కి తయారుచేసి అమ్మారు, 95 హార్స్‌పవర్‌తో. అంటే పరీక్ష రాయలేక ఫెయిలైన ఇంజిన్ కాదు, రాయగలదు, రాసింది కూడా. ఇక్కడ ఫీజు కట్టేవాడు దొరకలేదు. ఎందుకు దొరకలేదంటే, మనవాళ్లు చిన్న డీజిల్ కారు కొన్నదే లీటరు లెక్క చూసి. 2012 ప్రాంతంలో పెట్రోల్‌కీ డీజిల్‌కీ మధ్య లీటరుకి 25 రూపాయల పైన తేడా ఉన్న రోజులు గుర్తున్నాయా? అప్పుడు స్విఫ్ట్ డీజిల్‌కి నెలల తరబడి వెయిటింగ్. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది, తేడా కరిగిపోతూ వచ్చింది. రోజూ ముప్ఫై కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ కోసం పైన పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే ఏళ్లు పట్టే పరిస్థితి. దాని మీద ఇంకా పెంచి అమ్ముతామంటే కొనేదెవరు? 2019 ఏప్రిల్‌లోనే మారుతి చెప్పేసింది, వచ్చే ఏడాది నుంచి డీజిల్ చెయ్యం అని. సొంతంగా కొత్త 1.5 డీజిల్ ఇంజిన్ కూడా తయారుచేసుకుని 2019లోనే సియాజ్‌లో, ఎర్టిగాలో పెట్టారు. పట్టుమని ఏడాది కాగానే దాన్నీ ఆపేశారు. గట్టి పాత ఇంజిన్‌ని కావాలని చంపేవాళ్లయితే కొత్తదాన్ని పురిట్లోనే ఎందుకు చంపుకుంటారు?

ఆ ఫిల్టర్ ఉన్న బండి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే "బీఎస్6 డీజిల్ కొనమంటారా" అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు, కూకట్‌పల్లిలో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు, రోజూ ట్రాఫిక్‌లో ఈదడమే. ఫిల్టర్ లైటు నెలన్నరగా వెలిగి ఆరుతోందట, హైవే ఎక్కి ఇక్కడికి వచ్చేసరికి ఆరిపోయిందని సంతోషంగా ఉన్నాడు. డిప్‌స్టిక్ తీసి చూశాను, ఆయిల్ పై గీత దాటి పైకొచ్చి ఉంది. వేలితో రుద్దితే జిగట లేదు, వాసన చూస్తే డీజిల్. జరిగేదేంటంటే, ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చాలంటే పొగ గొట్టం బాగా వేడెక్కాలి, దానికోసం ఇంజిన్ కొంచెం డీజిల్‌ని ఆలస్యంగా, మంట అయిపోయే వేళకి కొడుతుంది. ట్రాఫిక్‌లో ఆ కాల్చే పని మధ్యలోనే ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ప్రతిసారీ కొంత డీజిల్ సిలిండర్ గోడల మీంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడిందంటే బేరింగులు త్వరగా అరిగిపోతాయి. మీ బీఎస్4 డిజైర్‌కి ఈ గోలంతా లేదు, అందుకే అది మొండిగా కనిపిస్తుంది. కొత్తవాటిలో ఇనుము తక్కువరకం ఏమీ కాదు, వాటి నెత్తిన పని ఎక్కువ పెట్టారు.

ఇప్పటిదాకా చెప్పింది మల్టీజెట్ కథ. అది పాతకాలపు వదులు ఇంజిన్ కాదు, లీటరుకి 60 హార్స్‌పవర్ ఇచ్చే ఆధునిక డిజైనే, డబ్బు లెక్కలో పోయింది. పాత ఇన్నోవా కథ వేరు. 2005లో వచ్చిన ఇన్నోవాలో 2.5 లీటర్ల 2కేడీ ఇంజిన్, 2494 సీసీకి 102 హార్స్‌పవర్ మాత్రమే. మన దగ్గర ట్రావెల్స్ డ్రైవర్లని ఎవర్ని అడిగినా నాలుగు లక్షలు, ఐదు లక్షలు అని మీసం మెలేసి చెప్తారు, నేను విప్పినవాటిలో కూడా అలాంటివి ఉన్నాయి. అంత పెద్ద ఇంజిన్ నుంచి అంత తక్కువ పని తీస్తే అరగదు మరి. జోడెద్దుల బండికి ఏనుగుని కట్టినట్టు. కానీ ఆ సుఖానికి ఖరీదుంది. లోపల తిరిగే భాగాల బరువు, వాటి రాపిడి, ఇవన్నీ ఉత్తపుణ్యానికి డీజిల్ తాగుతాయి, తాగిన ప్రతి చుక్కా పొగ లెక్కలోకి వస్తుంది. 2016లో ఇన్నోవా క్రిస్టాతో వచ్చిన 2.4 లీటర్ల 2జీడీ ఇంజిన్ 2393 సీసీకే 150 హార్స్‌పవర్ ఇచ్చింది. టైమింగ్ బెల్ట్ పోయి చైన్ వచ్చింది, కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి, 15.6కి దించారు, మంట వేడి తగ్గితే ఆక్సైడ్లు తగ్గుతాయని. పాతదానికి ఇవన్నీ చెయ్యాలంటే హెడ్ మార్చాలి, పిస్టన్ మార్చాలి, చైన్ కోసం బ్లాక్ ముందు భాగం మార్చాలి. అన్నీ మార్చాక మిగిలేది పేరొక్కటే, ఆ మాత్రం దానికి కొత్తదే గీసుకుంటారు.

మెషీన్ల సంగతి ఎవరూ మాట్లాడరు గానీ నా అన్నం పెట్టింది అదే కాబట్టి చెప్తాను. ఇంజిన్ డిజైన్‌కి ముసలితనం రాదు, దాన్ని చేసే లైన్‌కి వస్తుంది. నేను పనిచేసిన చోట ఒక పాత హెడ్ లైన్ ఉండేది, వరసగా ఇరవై పైన స్టేషన్లు, ఒక్కో స్టేషన్ ఒక్క పని మాత్రమే చేస్తుంది, ఒకటి రంధ్రం వేస్తే ఇంకొకటి మర కొడుతుంది. ఆ ఒక్క హెడ్ కోసమే కట్టిన లైన్ అది, రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరపాలన్నా స్టేషన్ మొత్తం పీకాలి. లక్షల హెడ్లు దాటాక ముక్కని పట్టి ఉంచే పిన్నులు అరిగిపోయి, వాల్వ్ సీటు మధ్యలో ఉండాల్సింది వెంట్రుకవాసి పక్కకి పోయేది. పిన్ను మార్చి, సర్ది, మళ్లీ కొలిచి, ఒక షిఫ్ట్ అంతా పోయేది. అంతకంటే ఘోరం కంట్రోల్ ప్యానెల్లో కార్డులు. వాటిని తయారుచేసేవాళ్లు ఆ మోడల్ ఎప్పుడో మానేశారు, నేను స్వయంగా పాత సామాన్ల షాపుల్లో తిరిగి వాడేసిన కార్డులు ఏరుకొచ్చాను, పనిచేస్తే దండం పెట్టుకోవడం. అలాంటి సమయంలో పొగ రూలు మారిందనుకో, మేనేజరు ముందు రెండు దారులుంటాయి. ముసలి లైన్‌కి కోట్లు పెట్టి పాత హెడ్‌నే సర్దడం, లేదా అదే డబ్బుకి ఇంకాస్త కలిపి ఏ డిజైన్ కావాలంటే అది చేసుకోగలిగే, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లైన్ వెయ్యడం. ఆ మీటింగులో "కానీ పాత ఇంజిన్ మూడు లక్షలు విప్పకుండా తిరుగుతుంది సార్" అని ఎవరూ లేవరు. లేచినా కాఫీ తెప్పిస్తారంతే.

ఇంజిన్‌తో సంబంధమే లేని కారణాలూ ఉంటాయి. మన బొలేరో చూడు. 2.5 లీటర్ల డీజిల్ మొద్దుగా, మొండిగా ఊళ్లల్లో తిరుగుతుండేది. కానీ మన పన్నుల్లో ఒక గీత ఉంది, కారు నాలుగు మీటర్ల లోపు ఉండి డీజిల్ ఇంజిన్ 1500 సీసీ లోపు ఉంటే చిన్న కారు కింద తక్కువ పన్ను. 2016లో మహీంద్రా బొలేరో పొడవు కోసి నాలుగు మీటర్ల లోపుకి తెచ్చి 1493 సీసీ ఇంజిన్ పెట్టింది. పాత 2.5 కంటే ఇది గట్టిదా, కాదా అనే చర్చే కాదు అక్కడ. టేపు పట్టుకుని పన్ను లెక్కేసి ఇంజిన్ మార్చారు.

మారుతి 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ ఇంకా తమాషా. 1983 డిసెంబర్‌లో మారుతి 800తో వచ్చింది. 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్4 రాగానే అక్కడ 800 అమ్మడం ఆపేశారు, 2014 జనవరిలో కారే ఆగిపోయింది. అదే ఇంజిన్ ఉన్న ఓమ్ని 2019లో పోయింది, ఈసారి పొగ వల్ల కాదు. ముందు ముక్కే లేని వ్యాను, గుద్దుకుంటే డ్రైవర్ మోకాళ్లే బంపరు, కొత్త క్రాష్ రూల్స్ దాటడం దానివల్ల కాలేదు. ఇంజిన్ భేషుగ్గా ఉండగానే ఇల్లు కూలింది. వాల్వులు పెంచిన ఇంకో రకం ఆల్టోలో బతికి, 2019లో బీఎస్6 కూడా దాటింది! తీరా 2023 ఏప్రిల్‌లో ల్యాబ్ పరీక్షకి తోడు రోడ్డు పరీక్ష కూడా వచ్చింది, బండికి యంత్రం కట్టి నిజంగా తిప్పి పొగ కొలిచే పద్ధతి. అప్పటికే 998 సీసీ ఇంజిన్‌తో ఆల్టో కే10 షోరూముల్లో ఉంది. అంతే సైజు కారుకి రెండు ఇంజిన్లని మోసి, రెండిటికీ మళ్లీ సాఫ్ట్‌వేరు సర్ది, రెండిటికీ సర్టిఫికెట్లు తెచ్చుకోవడం ఎందుకని చిన్నదాన్ని వదిలేశారు. నలభై ఏళ్లు ఆడిన ఇంజిన్‌కి చివరికి జరిగింది ఇంతే, గదిలో రెండు మంచాలుంటే ఒకటి తీసేసినట్టు.

కొత్తది వస్తే అంతా మంచే అని నేననడం లేదు. మా చెల్లెలి కొడుకు డాలస్‌లో ఉంటాడు, అక్కడ టయోటా టండ్రా ట్రక్కులో 5.7 లీటర్ల వీ8 ఇంజిన్ 2021 మోడల్ దాకా వచ్చేది, దాని పేరు చెప్తే దండం పెట్టేవాళ్లున్నారు. 2022 మోడల్‌కి దాన్ని తీసేసి రెండు టర్బోల 3.4 లీటర్ల వీ6 పెట్టారు. 2024లో ఏమైంది? మెషీనింగ్ చేసినప్పుడు రాలిన లోహపు రజను ఇంజిన్ లోపల ఉండిపోయి బేరింగులు పోతున్నాయని లక్ష పైగా బళ్లని రీకాల్ చేశారు. ఇది చదివి నాకు నవ్వు రాలేదు, మా లైన్ చివర ఉండే వాషింగ్ మెషీన్ గుర్తొచ్చింది. బ్లాక్‌లో ఆయిల్ వెళ్లే సన్నటి దారుల్లో ఇరుక్కున్న రజను ఎంత ప్రెషర్‌తో నీళ్లు కొట్టినా ఒక్కోసారి మూల పట్టుకుని కూర్చుంటుంది. పాత లైన్లో ఏ మూల ఇరుక్కుంటుందో ఏళ్ల తరబడి చూసి నేర్చుకుని ఉంటారు, కొత్త లైన్లో ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి. ఇక మామయ్యకి నేను ఒక్క పాయింటు ఇస్తాను. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మీద పెట్టిన మైలేజీ రూలు, అదే కేఫ్, 2022-23 నుంచి కిలోమీటరుకి 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని బిగించాక, ఒక్కో గ్రాము కోసం కంపెనీలు చెయ్యని పని లేదు. నీళ్లలాంటి పల్చటి ఆయిల్, సన్నటి రింగులు, కొన్ని చోట్ల ఆయిల్‌లో నానుతూ తిరిగే టైమింగ్ బెల్ట్. ఆ బెల్ట్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, నిజంగా. అరిగిన ముక్కలు వెళ్లి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. ఎవరూ నిన్ను మోసం చెయ్యాలని కూర్చుని గియ్యలేదు, కానీ రెండో ఓనరు గురించి, మూడో ఓనరు గురించి ఆ గదిలో ఆలోచించినవాడూ లేడు.

మీ బండి సంగతి. అమ్మొద్దు, ఇప్పుడు అమ్మితే వచ్చేదీ పెద్దగా లేదు. 2014 రిజిస్ట్రేషన్ కాబట్టి 2029 దాకా ఆర్‌సీ ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవచ్చు. ఢిల్లీలో డీజిల్‌కి పదేళ్ల గొడవ విని భయపడకు, అది అక్కడి రూలు. ఇన్ని లక్షల బళ్లలో ఉన్న ఇంజిన్ కాబట్టి సామాను ఆటోనగర్‌లో ఇంకా చాలా ఏళ్లు దొరుకుతుంది. దీనికున్న ముఖ్యమైన బలహీనత టైమింగ్ చైన్, అదీ ఎక్కువగా ఆయిల్ మార్చడంలో బద్ధకించిన బళ్లకే. పది వేలకొకసారి మార్చు, పదిహేను దాటనివ్వకు. ఇంకొకటి చెయ్యి, రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, మామయ్యని చైన్ కవర్ పక్కన నిలబెట్టి సెల్ఫ్ కొట్టు. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడొచ్చి ఆగిపోతే చైన్ వదులైందని అర్థం, దాన్ని బిగించి దారిలో ఉంచే టెన్షనర్, గైడ్లతో కలిపి సెట్ మొత్తం వేయించు, చైన్ ఒక్కటే వేయించి డబ్బులు మిగుల్చుకోవద్దు. చప్పుడేమీ లేకపోతే బానెట్ దించేసి బండి తీసుకుని పనికెళ్లు.